చెయ్యి తిమ్మిరెక్కుతోందా? ముందు టేబుల్ ఎత్తు కొలవండి!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, నిలబడి పైన హ్యాండిల్ పట్టుకున్నా. మలక్‌పేట దాటేసరికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కాయి. అప్పటికే నెల రోజులుగా రాత్రుళ్లు చెయ్యి విదిలించుకుంటూ నిద్ర లేస్తున్నా. కోడ్ రాసి బతికేవాడికి చెయ్యే మొరాయిస్తే? భయమేసింది.

ఫిజియోథెరపిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎక్కడ కూర్చుని పని చేస్తావ్ బాబూ?" డైనింగ్ టేబుల్ దగ్గరని చెప్పా. ఆమె నవ్వి, నా మణికట్టు పట్టుకుని వివరించింది. అక్కడ ఎముకలకీ ఓ గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుంది. 9 టెండన్లు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. మణికట్టు పైకి వంచి గంటలకొద్దీ టైప్ చేస్తే ఆ నరం నలుగుతుంది.

నేను చేసిన మొదటి తప్పు, జెల్ ప్యాడ్ కొని, మణికట్టు దానికి అదిమి టైప్ చేయడం. సరిగ్గా ఆ నరం మీదే ఒత్తిడి! ప్యాడ్ ఉన్నది టైపింగ్ ఆపినప్పుడు అరచేయి ఆనించుకోడానికి. రెండో తప్పు, కీబోర్డ్ వెనక కాళ్లు లేపి పెట్టడం. దాంతో మణికట్టు ఇంకా పైకి వంగుతుంది. మడిచేయండి.

అసలు సమస్య ఎత్తు. పాదాలు నేలకి ఆనించి, భుజాలు వదులుగా ఉంచి కూర్చోండి. నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలవండి. నాది 66 సెంటీమీటర్లు, టేబుల్ 75. కుర్చీ పైకి లేపితే కాళ్లు గాల్లో వేలాడాయి. అంటే కీబోర్డే కిందికి దిగాలి.

రెడీమేడ్ ట్రేలు చూశా. చాలావాటిలో కీబోర్డ్ మాత్రమే పడుతుంది. మౌస్ పైన టేబుల్ మీదే ఉంటే, దానికోసం చెయ్యి మాటిమాటికీ చాచాలి. అందుకే ఎల్బీ నగర్‌లో ఓ వడ్రంగి దగ్గరికెళ్లా.

"కంప్యూటర్ ట్రేనా? ఒకప్పుడు రోజూ చేసేటోళ్లం సార్. ల్యాప్‌టాప్‌లు వచ్చినంక అడిగేటోడే లేడు" అన్నాడాయన.

70 సెంటీమీటర్ల వెడల్పు ప్లైవుడ్ పలక, రెండు డ్రాయర్ చానెళ్లు, అటూ ఇటూ ఇనుప పట్టీలు. ఒక్కో పట్టీకి మూడు రంధ్రాలు వేయించా. బోల్టు మారిస్తే ఎత్తు మారుతుంది. ల్యాప్‌టాప్‌ని పుస్తకాల మీదికెక్కించి, విడి కీబోర్డ్, మౌస్ ట్రేలో పెట్టా. రాత్రి పూట ఫిజియో చెప్పిన స్ప్లింట్ వేసుకున్నా, గంటకోసారి లేచి నడిచా. రెండు నెలలకి నిద్రలో తిమ్మిరి దాదాపు పోయింది.

ట్రే మందు కాదు. చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, పట్టు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి. ఆ స్థితి రాకముందే అయితే, ఓ టేపు, ఐదు నిమిషాలు చాలు.

అన్నట్టు, మా తమ్ముడు నాకంటే పొడుగు. వాడు కూర్చునే ముందు బోల్టు పై రంధ్రంలోకి మారుస్తాడు. తిరిగి కిందికి దించడం మాత్రం రోజూ మర్చిపోతాడు!