నాడీశాస్త్ర విద్య – విశ్వవిద్యాలయ ఎంపిక

విగ్రహానికి రాతిని ఎంచుకొనే ముందు దానిని తట్టి, నాదం విని గ్రహించాలని శిల్పశాస్త్రం చెబుతుంది. ఉలి చప్పుడు వింటూ పెరిగిన ఆళ్ళగడ్డ పిల్లలకు ఈ మాట వింతగా తోచదు. అక్కడి నుండి నంద్యాలకు వచ్చి బై.పి.సి. చదివే విద్యార్థి ఎవరైనా మెదడును గురించిన శాస్త్రంలో పట్టభద్రుడు కాదలిస్తే, విశ్వవిద్యాలయాన్ని కూడ అట్లాగే తట్టి చూడవలసి ఉంటుంది.

నాడీశాస్త్రం మెదడు, వెన్నుపాము, నాడుల నిర్మాణాన్నీ పనితీరునూ పరిశీలిస్తుంది. వైద్యుడు మణికట్టు పట్టి చూచే నాడికిగాని, తాళపత్రాలు విప్పి చెప్పే నాడీజ్యోతిషానికిగాని దీనితో సంబంధం లేదు. తెలుగులో మూడింటికీ ఒకే మాట నిలిచిపోయింది, అంతే. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని అంచనా. అవి పరస్పరం పంపుకొనే విద్యుత్ సంకేతాలు, రసాయన సంకేతాలు జ్ఞాపకానికీ, భాషకూ, భయానికీ ఆధారం. ఆ సంకేతాలను కొలవడానికి భౌతికశాస్త్రం, కొలతలను విశ్లేషించడానికి గణితం కావాలి. జీవశాస్త్రం ఒక్కటే చాలదు.

మెదడు అనగానే తల్లిదండ్రులకు స్ఫురించేది వైద్యవిద్య. నీట్ పరీక్ష, ఐదున్నరేళ్ళ ఎం.బి.బి.ఎస్., ఆపై మూడేళ్ళ ఎం.డి., మరి మూడేళ్ళ డి.ఎం. – ఇది నాడీవైద్యుని మార్గం. రోగికి చికిత్స చేయాలనుకొనేవారికి ఇది తగినది. జ్ఞాపకం ఎట్లా ఏర్పడుతుందో తెలుసుకోవాలనే కుతూహలం ఉన్నవారి మార్గం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి తొందరపడడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

మన దేశంలో కేవలం నాడీశాస్త్రం పేరుతో డిగ్రీ స్థాయి కోర్సులు అరుదు. బెంగుళూరులోని నిమ్హాన్స్, హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రం ఈ శాస్త్రంలో ప్రసిద్ధమైనవి. కాని ఈ విషయంలో వాటి ద్వారాలు ముఖ్యంగా డిగ్రీ తరువాతి చదువులకే తెరచుకొంటాయి. కనుక ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారు ముందుగా మూలశాస్త్రాలను గట్టిగా నేర్పే సంస్థలో చేరడం ఉచితం. 2015లో ఆరంభమైన తిరుపతి ఐసర్ రాయలసీమ విద్యార్థికి దగ్గరి సంస్థ. అక్కడి ఐదేళ్ళ బి.ఎస్.–ఎం.ఎస్. కోర్సులో తొలి రెండేళ్ళు అన్ని శాస్త్రాలూ చదవాలి, చివరి ఏడాది పరిశోధన చేయాలి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో నాలుగేళ్ళ బి.ఎస్. కోర్సును ప్రారంభించింది. నాడీశాస్త్రానికి అక్కడ ప్రత్యేక కేంద్రం కూడ ఉంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థ బి.ఎస్.లో చేరడానికి ఇంటర్మీడియట్‌లో గణితం చదివి ఉండాలి. గణితం లేని బై.పి.సి. విద్యార్థికి ఆ తలుపు పదిహేనేళ్ళ వయసులో, గ్రూపు ఎంచుకొన్న నాడే మూసుకొని పోతుంది. ఆ సంగతి ఆనాడు చెప్పేవారు తక్కువ. ఐసర్ సంస్థలు జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలలో ఏ మూడు చదివినవారినైనా అనుమతిస్తాయి. కాని వాటి ప్రవేశ పరీక్షలో గణితానికీ తక్కిన మూడింటితో సమానమైన భాగం ఉంటుంది.

విదేశాలకు పోదలచినవారు పద్ధతుల భేదం గమనించాలి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో నాడీశాస్త్రం మూడేళ్ళ బి.ఎస్సి. తొలినాటి నుండే చదువు ఆ విషయం చుట్టూ సాగుతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రధాన విషయాన్ని చేరిన తరువాత ఎంచుకొంటారు. మెదడును చదివేవారైనా అక్కడ కలనగణితం, భౌతికశాస్త్రం తప్పక చదవాలి. పదిహేడేళ్ళకే మనసు స్థిరపడినవారికి మొదటిది, ఇంకా వెదకుతున్నవారికి రెండవది అనుకూలం.

ర్యాంకుల పట్టికలు ఎక్కువగా పరిశోధన పత్రాలనూ, పండితుల అభిప్రాయాలనూ లెక్కిస్తాయి. మొదటి సంవత్సరం పాఠం ఎవరు చెబుతారో, డిగ్రీ విద్యార్థికి ప్రయోగశాలలో చోటు దొరుకుతుందో లేదో వాటివల్ల తెలియదు. ఎలుక మెదడులో స్థలాన్ని గుర్తించే కణాలను 1971లో వెల్లడించిన జాన్ ఓకీఫ్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందినవాడు. ఆయనకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. అంతమాత్రాన అక్కడ చేరిన ప్రతి విద్యార్థీ అటువంటి ప్రయోగశాలలో అడుగుపెడతాడని కాదు. పాఠ్యప్రణాళిక చూచి, పూర్వవిద్యార్థులను విచారించి తెలుసుకోవాలి.

ఇక ఖర్చు మాట. ఎం.ఐ.టి. ప్రవేశం ఇచ్చేటప్పుడు విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకోదు, చేరినవారికి అవసరమైన మేరకు సహాయం చేస్తుంది. అయితే అక్కడ సీటు దొరకడమే దుర్లభం. ఇటువంటి సౌకర్యం లేని సంస్థకు పొలం అమ్మి పంపే ముందు, అదే పరిశోధనను తిరుపతిలో డిగ్రీ ముగించి, తరువాత వేతనంతో కూడిన పిహెచ్.డి.గా విదేశంలో చేయవచ్చునేమో ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించాలి. నంద్యాలలో బై.పి.సి. మొదటి ఏడాది చదువుతున్నవారికి ఇంకా వ్యవధి ఉంది. సెలవులలో గణిత పుస్తకం తెరిస్తే ఐసర్ పరీక్షనాటికి కలనగణితంతో పరిచయమైనా ఏర్పడుతుంది.