పేలని తూటా చెప్పు సాక్ష్యము

వైద్యమున నిదానము ముందు, చికిత్స పిమ్మట. యంత్రముల విషయమునను ఈ క్రమమే క్షేమకరము. మాటిమాటికి పేలక మొరాయించు పాతకాలపు రిమ్‌ఫైరు రివాల్వరును ఎట్లు పరీక్షింపవలెనో నేడు విన్నవించెదను.

1857వ సంవత్సరమున అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ మొదటి రివాల్వరును వెలువరించిరి. దాని సిలిండరున, అనగా తిరుగుడు చక్రమున, ఏడు తూటాలకు ఏడు అరలు గలవు. అరలు వెనుకవైపునకును తెఱచియుండు ఈ యేర్పాటునకు రోలిన్ వైట్ అను నాతడు 1855లోనే పేటెంటు పొందియుండెను. ఆ హక్కు 1869లో తీఱిపోగా, పెక్కు కర్మాగారములవారు ఇట్టి చిన్న రివాల్వర్లను చేసి చౌకగా విక్రయించిరి.

రిమ్‌ఫైరు తూటాకు నడుమ టోపీ యుండదు. దాని లోహపుగొట్టము అడుగున వెలికివచ్చిన అంచు బోలుగా నుండును. దెబ్బకు మండు మందు ఆ బోలులోనిదే. సుత్తిముక్కు ఆ యంచును అరగోడపై నలిపినప్పుడు మందు రగిలి, లోపలి తుపాకిమందు నంటించును. కావున దెబ్బ బలముగా పడవలెను, అంచుమీదనే పడవలెను, అంచులోని మందు చెడకుండవలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను తూటా పేలదు.

పరీక్షకు పూర్వము గొట్టపునోటిని జనములేని దిక్కునకు త్రిప్పి, మీటపై వ్రేలుంచక, ప్రతి యరను కంటితో చూచి ఖాళీయని నిశ్చయించుకొనవలెను. ఇతరుల మాట ఇందు ప్రమాణము కాదు.

పిదప, పేలక మిగిలిన తూటామీది గంటును చూడవలెను. అదియే సాక్షి. గంటు లోతులేనిదైనచో స్ప్రింగు సడలియుండును, లేదా పాతనూనె గడ్డకట్టి సుత్తి వేగము నడ్డగించుచుండును. ముందు శుభ్రపఱచి చూడవలెను. స్ప్రింగు జోలి తరువాతిది. గంటు లోతుగా నుండియు పేలకున్నచో దోషము తూటాది. గంటు అంచుతప్పి పడినచో సిలిండరు సరియైన చోట నిలుచుట లేదేమోయని చూడవలెను. ఇది అన్నిటికంటె ప్రమాదకరము. అర గొట్టమునకు సూటిగా లేనప్పుడు గుండు గొట్టపుటంచును ఒఱయును.

మొదటి దెబ్బకు పేలక రెండవదెబ్బకు పేలుచున్నచో, అరలో మసి చేరి తూటా పూర్తిగా కూర్చుండుట లేదని శంకింపవలెను. మొదటి దెబ్బ తూటాను లోనికి నెట్టుటకే వ్యయమగును. ఖాళీ రివాల్వరును వినోదమునకై టకటక కొట్టుటయు తగదు. సుత్తిముక్కు అరయంచునే తాకి దానిని నొక్కివేయును.

పేలని తూటాను వెంటనే తీయరాదు. మందు ఆలస్యముగా రగులుట కలదు. గొట్టపునోరు క్షేమమైన దిక్కుననే యుంచి, కనీసమొక నిమిషము వేచియుండవలెను. మఱియు నాటి లోహము నల్లమందుకై చేయబడినది. నేటి పొగలేని మందుతూటా దాని నడుగున పెట్టినచో సిలిండరు చీలవచ్చును. సరిగా పట్టినంతమాత్రమున తగినదని యెంచరాదు.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకులను మరమ్మతుచేయు వారికిని లైసెన్సు కావలెను. కావున గ్రామపు కమ్మరిచేత ఆకురాయి పట్టింపక, లైసెన్సుగల పనివానికే చూపవలెను. అతడు పేల్చదగదన్నచో ఆ మాటను మన్నించుటయే వివేకము. పేలని రివాల్వరువలన కలుగు నష్టము స్వల్పము; పేలరానప్పుడు పేలినదానివలన కలుగు నష్టమునకు పరిహారము లేదు.