చేతులు మారిన పేరునకు పాత పరపతి దక్కునా?

ఓర్వకల్లులో వెబ్‌సైటులు నిర్మించి జీవించు ఒక యువ పాఠకుడు పంపిన ప్రశ్న ఈ మాసమంతయు నా మనస్సును వదలలేదు. బహుకాలము నడచి, యజమాని రుసుము చెల్లింపకపోవుటచే గడువు తీరిపోయిన ఒక డొమైను పేరును, క్రొత్త పేరు వెలకు ఎన్నో రెట్లు అధికముగా ఒక దళారి ఆయనకు అమ్మజూపుచు, ఆ పేరుతోపాటు గూగులులో దానికున్న పాత ర్యాంకు కూడ ఆయన సొంతమగునని నమ్మబలికెనట. ఇది నిజమేనా యని ఆయన సందేహము. అవునని గాని కాదని గాని ఒక్కమాటలో ముగింపదగిన ప్రశ్న కాదిది. ఏలయన పరపతి యనునది పేరును ఆశ్రయించి యుండునా, పేరు పెట్టుకొన్నవానిని ఆశ్రయించి యుండునా యను సూక్ష్మమైన విచారము దీని గర్భమున దాగియున్నది, దానిని గణితముతో తేల్చవలసిన దుస్సాధ్య కార్యము సెర్చ్ ఇంజనులపై బడినది.

డొమైను పేరును మనము కొనుచున్నామని యందుము గాని, వాస్తవమునకు అది ఏటేట చెల్లించు కౌలు మాత్రమే. డాట్‌కామ్ పేరుకు గడువు తీరిన పిమ్మట పేర్లను నమోదు చేయు రిజిస్ట్రారును బట్టి 45 దినములవరకు పొడిగించుకొను అవకాశమును, తొలగింపబడిన తరువాత అపరాధ రుసుముతో విడిపించుకొనుటకు మరి 30 దినములును, కడపట ఎవ్వరికిని అందని 5 దినములును గడచి, అనంతరము ఆ పేరు సర్వజనులకు లభ్యమగును. అట్టి క్షణమునకై కంప్యూటర్లతో కాచుకొని యుండు వ్యాపార సంస్థలును గలవు. మరపు పెద్దలకును తప్పదు. 1999 డిసెంబరు చివరి వారమున మైక్రోసాఫ్ట్ వారు హాట్‌మెయిల్ ప్రవేశమునకు ఆధారమైన పాస్‌పోర్ట్ డాట్‌కామ్ అను పేరుకు కట్టవలసిన 35 డాలర్లను మరచిపోగా హాట్‌మెయిల్ ఖాతాదారులు పలువురు తమ ఉత్తరములను తెరువలేకపోయిరి. మైకేల్ చానీ యను లినక్స్ ప్రోగ్రామరు ఆ సొమ్మును తన కార్డుతో చెల్లించి వారిని గట్టెక్కించెను.

ఇక అసలు విషయమునకు వత్తము. 1998కి పూర్వము సెర్చ్ ఇంజనులు చాలవరకు పుటలోని పదములను లెక్కించి తృప్తిపడుచుండెడివి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు ఆ యేట ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి ఈ దృష్టిని తలక్రిందులు చేసినది: ఒక పుట తన్నుగూర్చి తాను ఏమి చెప్పుకొనుచున్నదో దానితో నిలువక, తక్కిన పుటలు దానిని లింకులద్వారా ఎంతగా చూపుచున్నవో కూడ గణింపవలెననిరి. ఈ యూహకు పూర్వీకులు లేకపోలేదు. ఒక శాస్త్రవ్యాసమును ఎన్ని వ్యాసములు ఉదాహరించినవో లెక్కించు సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1960లలోనే వెలువరించెను. ఉదాహరించిన పత్రిక ఘనతనుబట్టి ఆ ఉదాహరణకును బరువు కట్టవలెనని పిన్‌స్కీ, నారిన్‌లు 1976లో ప్రతిపాదించిరి. అయినను కోట్లాది పుటలపై ఆ లెక్కను నడపి చూపిన సాహసము పేజ్, బ్రిన్‌లదే.

ఈ పద్ధతియందలి మాధుర్యము నాకు ఎన్నిమారులు తలచినను తరుగదు. ఘనమైన పుట యేది? ఘనమైన పుటలు చూపినది. ఆ చూపిన పుటలు ఘనమైనవని యెట్లు తెలియును? వానిని మరికొన్ని ఘనమైన పుటలు చూపుచున్నవి గనుక. తర్కశాస్త్రము అన్యోన్యాశ్రయ దోషమని త్రోసిపుచ్చు ఈ వలయమును గణితము ఆదరించి, అన్ని పుటలకును మొదట సమానమైన విలువనిచ్చి, లింకులవెంట ఆ విలువలను మరల మరల ప్రవహింపజేయగా, కొంతసేపటికి అంకెలు ఇక మారక నిలిచిపోవును. చదువరి నూటికి 85 పాళ్లు లింకులను అనుసరించుననియు, తక్కిన 15 పాళ్లు విసిగి వేరొక పుటకు దుముకుననియు వారి కల్పన. ఆ లెక్కన, ఎవ్వరును చూపని పుటకు దక్కు విలువ 0.15 మాత్రమే. అట్టి పుటలు 20 తమ యేకైక లింకును ఒక పుటకే ఇచ్చినచో దాని విలువ 2.70 అగును. ఈ పుట తన యేకైక లింకును మరియొకదానికిచ్చినచో, ఆ రెండవదాని విలువ, దానిని చూపునది ఒక్కటియే అయినను, దాదాపు 2.45. అదే పుట పదింటికి లింకులు పంచినచో ఒక్కొక్కదానికి 0.38 మాత్రమే దక్కును. ఒక్క పెద్దపుట సిఫారసు ఇరువది చిన్నపుటల సిఫారసుకు దాదాపు సాటివచ్చుటయు, విచ్చలవిడిగా పంచిన సిఫారసు పలుచనగుటయు ఈ చిన్న గణితమునందే యిమిడియున్నవి.

ఈ సూత్రమునందు డొమైను యజమాని ప్రసక్తి లేదు. రుసుము చెల్లించిన తేదీ లేదు. అసలు కాలమే లేదు. ఒక పేరునకున్న విలువ ఆ పేరులో గాక, దానిని చూపుచున్న పరుల పుటలయందు నిక్షిప్తమై యున్నది. కర్నూలు–నంద్యాల దారిలో ఒక పుణ్యాత్ముడు అన్నసత్రము నడపి గతించెననుకొందము. ఆ యింటిని కొన్నవాడు అందు కల్లుపాక పెట్టినను, దూరపు ఊళ్లవారు పాతమాట నమ్మి బాటసారులను కొంతకాలము అచ్చటికే పంపుచుందురు. శుద్ధ పేజ్‌ర్యాంక్ ఆ దూరపు ఊళ్లవారివలె అమాయకమైనది. గడువు తీరిన పేర్ల వ్యాపారము సమస్తమును ఆ యమాయకత్వముపై లేచినదే.

ఈ విషయమున పొరపడినవారి పట్టిక పెద్దది. గూగుల్ 2000 సంవత్సరమున తన టూల్‌బారులో ప్రతి పుటకును 0 నుండి 10 వరకు ఒక ర్యాంకు అంకెను చూపసాగగా, దానినే పరపతి యనుకొని లక్షలు వెచ్చించి పేర్లు కొన్నవారు కలరు. ఆ అంకెను నవీకరించుట 2013తో ఆగిపోయి, 2016లో అది పూర్తిగా అదృశ్యమైన పిదపగాని వారి భ్రమ తీరలేదు. పేరు వయస్సే బలమని మరికొందరు నమ్మిరి. వయస్సు వృద్ధత్వమును తెచ్చును గాని లింకులను తేదు. పదేండ్ల రుసుము ఒకేమారు చెల్లించినచో ర్యాంకు పెరుగునను ప్రచారము వీనియన్నింటికంటె విచిత్రమైనది. 2003 డిసెంబరు 31న గూగుల్ దాఖలు చేసిన ఒక పేటెంటులో, మోసపు సైట్లు ఒక యేటికి మించి అరుదుగా నిలుచునని యున్న ప్రస్తావనను చదివి దానిని పల్లవింపజేసిరి. పేటెంటునందు వ్రాసినదంతయు ఆచరణలో నుండునని నియమము లేదు. వారు ఆ యొక్క వాక్యముకడ నిలిచిపోయి, ముందున్న రత్నమును చూడకపోయిరనుటయే నా బాధ.

ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అనురాగ్ ఆచార్య మొదలుగా జెఫ్ డీన్, మోనికా హెంజింగర్, మాట్ కట్స్ వంటివారు ఆవిష్కర్తలుగా గల ఆ పేటెంటు, కాలమే లేని పేజ్‌ర్యాంక్ లెక్కలోనికి కాలమును ప్రవేశపెట్టు మార్గమును వర్ణించినది. ఓర్వకల్లు శిలావనమును, కేతవరపు గుహాచిత్రములను వర్ణించు ఒక సైటు ఉన్నదనుకొందము. కూడలి, జల్లెడ వంటి బ్లాగు సంకలినులు తెలుగువారిని ఒకచోట చేర్చిన దినములలో బ్లాగర్లు పలువురు ‘ఓర్వకల్లు రాళ్లు’, ‘కేతవరం చిత్రాలు’ అను మాటలతో దానికి లింకులిచ్చిరి. తరువాత ఆ పేరు గడువు తీరి పరహస్తగతమై, పుటనిండ రమ్మీ ప్రకటనలు వెలసినవి; క్రొత్తగా వచ్చు లింకులయందును ‘రమ్మీ’ యను మాటయే. పుటలోని విషయము ఎన్నడు హఠాత్తుగా మారెనో, లింకులపై నుండు మాటలు ఎన్నడు మారెనో పరిశీలించినచో, పేరు దారి తప్పిన తేదీని యంత్రము అంచనా వేయగలదు. ఆ తేదీకి పూర్వపు లింకులనన్నిటిని లెక్కనుండి తొలగింపవచ్చును, లేదా వాని బరువును తగ్గింపవచ్చును. ఎవరు కొనిరో విచారింప బనిలేదు, రిజిస్ట్రారును అడుగ బనిలేదు. వెబ్బు జ్ఞాపకమే వెబ్బుకు సాక్ష్యము చెప్పుచున్నది. ఇంత లలితమైన యుక్తి ఈ శాస్త్రమున నేను చాల కొద్దిగా చూచితిని.

అయినను మోసము ఆగలేదు. ది హెయిర్‌పిన్ అను, స్త్రీలు తమ రచనలతో నడపిన అమెరికా వెబ్ పత్రిక 2018లో మూతపడగా, దాని పేరును పిమ్మట ఒకడు సంపాదించి కృత్రిమమేధతో వ్రాయించిన చవుకబారు వ్యాసములతో నింపిన సంగతి 2024 ఆరంభమున బయటపడినది. ఆ యేడు మార్చి 5న గూగుల్ తన నియమములలో గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగమును స్పష్టముగా నేరముగా చేర్చినది: పూర్వము ప్రభుత్వ సంస్థదైన పేరుపై కమీషను ప్రకటనలు, వైద్య ధర్మసంస్థదైన పేరుపై ఔషధవ్యాపారము, ప్రాథమిక పాఠశాలదైన పేరుపై జూదము అందలి ఉదాహరణలు. అయితే పాత పేరుపై జనోపయోగకరమైన క్రొత్త సైటును నిజాయతీతో నిర్మించినచో దోషము లేదని కూడ అందే యున్నది. న్యాయస్థానములుసైతము ఈ బాధకు గురియైనవి. 2011లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అలిటో ఒక వీడియో ఆటల వ్యాజ్యమున ఉదాహరించిన వెబ్ చిరునామా, పిమ్మట పరుల వశమై, లింకులు నశ్వరములని హెచ్చరించు పుటగా మారిపోయినది.

కావున ఓర్వకల్లు మిత్రునకు నా సమాధానమిది. పాత సంస్థయే తన పేరును తిరిగి తీసికొని పాత పనినే కొనసాగించినచో పరపతి చాలవరకు నిలుచును. విషయము దగ్గరదైనచో కొంత నిలువవచ్చును. జూదమునకో ఔషధవ్యాపారమునకో కొన్నచో అది కరగుటయే గాక, శిక్షయు రావచ్చును. దళారి చెప్పు ర్యాంకు అంకెలు గూగులువి కావు, ప్రైవేటు సంస్థల అంచనాలు. పాత వెబ్ పుటల ప్రతులను భద్రపరచుచు 2001నుండి అందరికిని తెరచియున్న వేబ్యాక్ మెషీనులో ఆ పేరు పూర్వచరిత్రను ముందు చూచుకొనవలెను.

వినియోగమునుగూర్చి ఇంతకుమించి చెప్ప నాకు ఉత్సాహము లేదు గాని, ఒక్క ఫిర్యాదు మాత్రము కలదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు చేయూతతో 1995 ప్రాంతమున ఓర్వకల్లు మండలమున వేళ్లూనిన మహిళా పొదుపు సంఘములవంటి ఉద్యమములనుగూర్చి దూరదేశపు విశ్వవిద్యాలయములు వ్రాయుచుండును. ఆ వ్రాతలనుండి ఇట్టి సంస్థల సైట్లకు వచ్చు లింకులే వ్యాపారులు గాలించి కోరుకొను సరకు. నిధులిచ్చువారు సైటు నిర్మాణమునకు సొమ్మిత్తురు; ప్రాజెక్టు ముగిసిన మరుసటి యేడు ఆ పేరుకు రుసుము ఎవరు కట్టవలెనో ఒప్పందములో వ్రాయరు. పదేండ్ల రుసుమును మొదటి బడ్జెటులోనే చేర్చి, రిజిస్ట్రారు పంపు హెచ్చరికలు పోయిన ఉద్యోగి ఈమెయిలుకు గాక సంఘపు ఈమెయిలుకు వచ్చునట్లు చూచుకొనుటకు అరగంట పట్టదు.