రూట్ 66: ఒక రహదారి జ్ఞాపకాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 1985 జూన్‌లో ఒక రహదారిని అధికారిక జాబితా నుంచి తొలగించారు. దాని పేరు రూట్ 66. సంఖ్య పోయింది, దారి పొడవునా ఉన్న సూచిక ఫలకాలూ పోయాయి. అయినప్పటికీ నేటికీ దేశదేశాల యాత్రికులు ఆ దారిని వెతుక్కొంటూ వస్తున్నారు. దాని పక్కనున్న పాత పెట్రోలు బంకుల ముందు నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. ఒక రహదారి జాతి జ్ఞాపకంగా ఎట్లా మారింది? ఆ జ్ఞాపకంలో ఏమి మిగిలింది, ఏమి మరుగున పడింది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకొందాం.

1920ల నాటికి అమెరికాలో మోటారు కార్ల సంఖ్య విశేషంగా పెరిగింది. దారులు మాత్రం వానకు బురదగా, ఎండకు దుమ్ముగా ఉండేవి. ఒక్కొక్క దారిని ఒక్కొక్క సంఘం తనకు తోచిన పేరుతో పిలిచేది. ఈ అయోమయాన్ని తొలగించడానికి 1926 నవంబరు 11న దేశమంతటికీ వర్తించే సంఖ్యల పద్ధతిని ఆమోదించారు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరానికి చెందిన వ్యాపారి సైరస్ ఏవరీ షికాగో, లాస్ ఏంజెలస్ నగరాలను కలిపే దారి కోసం ఎంతో శ్రమించాడు. దానికి ఆయన కోరిన సంఖ్య 60. ఆ సంఖ్య తమకే కావాలని కెంటకీ రాష్ట్రం పట్టుబట్టింది. చివరకు ఏవరీ 66తో సరిపెట్టుకొన్నాడు. రాజీలో దక్కిన ఆ సంఖ్యే తరువాతి కాలంలో పాటలకెక్కింది. ఎనిమిది రాష్ట్రాల గుండా సుమారు 2,400 మైళ్లు సాగే ఈ దారికి ఆసాంతం గట్టి రోడ్డు పడేసరికి 1938 వచ్చింది.

ఈ దారి తొలి జ్ఞాపకాలు కన్నీటితో తడిసినవి. 1930లలో ఆర్థిక మాంద్యం దేశాన్ని కుంగదీసింది. అదే సమయంలో మధ్య మైదానాల్లో వానలు ముఖం చాటేశాయి. సేద్యం కోసం గడ్డిభూములను విచక్షణ లేకుండా దున్నివేయడం వల్ల పట్టు తప్పిన నేల, గాలికి ధూళి తుపానులై లేచింది. ఓక్లహోమా మొదలైన రాష్ట్రాల రైతులు పరుపులు, వంటపాత్రలు పాత కార్లపై కట్టుకొని పొట్ట చేతపట్టుకొని పడమటికి కదిలారు. వారిని కాలిఫోర్నియా ఆదరించలేదు. 1936లో లాస్ ఏంజెలస్ పోలీసులు తమ నగరాన్ని విడిచి రాష్ట్ర సరిహద్దుల దాకా వెళ్లి కాపలా కాశారు. చేతిలో డబ్బు లేనివారిని వెనుకకు మళ్లించారు. ఈ వలస బతుకులను జాన్ స్టయిన్‌బెక్ 1939లో వెలువడిన ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలలో చిత్రించాడు. ఆయన ఈ దారిని తల్లితో పోల్చాడు. నాటి నుంచి రూట్ 66కు ఆ పేరు స్థిరపడింది.

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. పెట్రోలు మీద ఆంక్షలు తొలగాయి. సెలవులు రాగానే కుటుంబాలు కార్లలో విహారయాత్రలకు బయలుదేరాయి. ఆకలి తరిమిన దారే వేడుకల బాటగా మారింది. ఇరువైపులా భోజనశాలలు, మోటళ్లు వెలిశాయి. రాత్రివేళ నియాన్ దీపాల రంగులు బాటసారులను పిలిచేవి. అరిజోనా రాష్ట్రంలోని హోల్‌బ్రుక్ పట్టణంలో 1950లో గుడారాల ఆకారంలో కాంక్రీటు గదులు కట్టారు. బాబీ ట్రూప్ ఈ దారిపై రచించిన పాటను 1946లో ప్రసిద్ధ గాయకుడు నాట్ కింగ్ కోల్ పాడగా అది ఇంటింటా మారుమోగింది. 1960 నుంచి 1964 వరకు ఇదే పేరుతో ఒక టెలివిజన్ ధారావాహిక ప్రసారమైంది.

వైభవం వెంటే క్షీణత కూడా వచ్చింది. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో దేశవ్యాప్తంగా విశాలమైన కొత్త రహదారుల నిర్మాణం మొదలయింది. అవి ఊళ్లను తాకకుండా దూరంగా సాగిపోయాయి. 1978లో అరిజోనాలోని సెలిగ్‌మన్ అనే చిన్న ఊరి పక్కగా కొత్త దారి తెరుచుకోగానే ఆ వీధిలో వాహనాల రద్దీ ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ ఊరి క్షురకుడు ఏంజెల్ డెల్గడీయో నిరాశ చెందలేదు. 1987లో తోటివారితో కలిసి ఒక సంఘాన్ని స్థాపించి, పాత దారిని చారిత్రక రహదారిగా గుర్తించేటట్లు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒప్పించాడు. ఇతర రాష్ట్రాలు కూడా ఈ బాటనే నడిచాయి. 2006లో వచ్చిన ‘కార్స్’ అనే యానిమేషన్ చిత్రం ఇటువంటి ఊరి కథనే పిల్లలకు చెప్పింది.

అయితే ఈ తీపి జ్ఞాపకాలలో అందరికీ చోటు దక్కలేదు. నాట్ కింగ్ కోల్ నల్లజాతీయుడు. ఆయన పాడిన పాట యాత్రికులను ఆహ్వానిస్తున్న రోజుల్లోనే, ఆ దారిలోని అనేక మోటళ్లు నల్లజాతివారికి గది ఇచ్చేవి కావు. చీకటి పడేలోగా నల్లవారు ఊరు విడిచి పోవాలని శాసించిన పట్టణాలు కూడా ఉండేవి. 1948లో కోల్ లాస్ ఏంజెలస్‌లో శ్వేతజాతీయుల వాడలో ఇల్లు కొన్నపుడు ఇరుగుపొరుగువారు అభ్యంతరం తెలిపారు. ఇటువంటి పరిస్థితుల్లో న్యూయార్కులో తపాలా ఉద్యోగి అయిన విక్టర్ గ్రీన్ 1936లో ‘గ్రీన్ బుక్’ అనే చిన్న పుస్తకాన్ని ప్రారంభించాడు. నల్లజాతి ప్రయాణికులకు అన్నం, నీడ ఎక్కడ దొరుకుతాయో అది తెలిపేది. ఓక్లహోమాలోని లూథర్ సమీపంలో థ్రెట్ అనే నల్లజాతి కుటుంబం నడిపిన పెట్రోలు బంకు అటువంటివారికి ధైర్యంగా ఆగగలిగిన చోటు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాతనే హోటళ్లలో ఈ వివక్ష చట్టవిరుద్ధమయింది. హోల్‌బ్రుక్ గుడారాలది మరొక కథ. ఆ ప్రాంతపు నవహో ప్రజలు తరతరాలుగా నివసించినవి హోగన్ అనే మట్టి, దుంగల ఇళ్లు. గుడారాలు ఎక్కడో మైదానాల్లోని తెగలవి. యాత్రికులు చూడగోరినదానినే వ్యాపారులు కట్టి చూపించారు.

జ్ఞాపకం తనకు ప్రియమైనవాటిని ఏరుకొంటుంది. మరచినవాటిని కూడా అడిగి తెలుసుకోవడం చరిత్ర పని. లూథర్‌లోని ఆ పెట్రోలు బంకు 1995లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. నియాన్ దీపాలను చూడవచ్చిన యాత్రికుడు దాని ముందు కూడా ఒక్క క్షణం ఆగినపుడే రూట్ 66 కథ అతనికి పూర్తిగా తెలిసినట్లు. పెద్దలు ‘ఆ రోజులే వేరు’ అని మురిసిపోయినపుడు మనం ఆసక్తితో వినాలి. ఆ రోజులు ఎవరెవరికి ఎట్లా గడిచాయో కూడా వినయంగా అడగాలి. ఆ ప్రశ్న గతం మీద ప్రేమను తగ్గించదు, దానికి నిజాయితీని జోడిస్తుంది.