గర్భాశయం జారినప్పుడు: ఏ శస్త్రచికిత్స ఎవరికి?



1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం ఏర్పడింది. 1959లో అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. పని కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్ళిన ఎన్నో కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. అక్కడైనా, మన ఊళ్ళలోనైనా, పెద్దవయసు స్త్రీలు సిగ్గుతో బయటికి చెప్పుకోని బాధ ఒకటి ఉంది: గర్భసంచి జారడం. ఇది ఎందుకు వస్తుందో, దీనికి ఏయే శస్త్రచికిత్సలు ఉన్నాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎందుకు జారుతుంది?

గర్భాశయానికి ముందు మూత్రాశయం, వెనుక పురీషనాళం ఉంటాయి. ఈ మూడింటినీ కింది నుంచి కటి కండరాలు ఉట్టిలా మోస్తాయి. పై నుంచి గట్టి బంధనాలు పట్టి ఉంచుతాయి. ఎక్కువ కాన్పులు, కష్టమైన ప్రసవం, కాన్పయిన కొద్దిరోజులకే బరువులు ఎత్తడం, తగ్గని దగ్గు, మలబద్ధకం, ముట్లుడగడం వీటిని బలహీనపరుస్తాయి. ఫలితంగా గర్భాశయం యోనిలోకి, ఒక్కోసారి బయటికి కూడా దిగుతుంది. మూత్రాశయం లేదా పురీషనాళం ఉన్న వైపు యోని గోడ ఉబ్బి రావచ్చు.

కర్మాగారంలో కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను క్రేను తాళ్ళు మోస్తాయి. తాళ్ళు అరిగి లాడిల్ కిందికి దిగితే, లాడిల్‌ను తీసి పారేసినంత మాత్రాన తాళ్ళు బాగుపడవు. ఇక్కడా అంతే. లోపం గర్భాశయంలో లేదు, దానిని మోసే ఆధారంలో ఉంది. ఈ పాఠంలోని ముఖ్యమైన సూత్రం ఇదే.

శస్త్రచికిత్సకు ముందు

బాధ లేకపోతే చికిత్స అవసరం ఉండకపోవచ్చు. తక్కువగా జారితే కటి కండరాల వ్యాయామాలు మేలు చేస్తాయి. యోనిలో అమర్చే పెసరీ అనే రింగు కూడా చాలామందికి సరిపోతుంది. దానిని క్రమం తప్పకుండా శుభ్రం చేసి, వైద్యులకు చూపించుకోవాలి.

శస్త్రచికిత్సలను పోల్చి చూద్దాం

1. యోని మార్గంలో గర్భాశయం తొలగింపు: పొట్టపై కోత ఉండదు. సంతానం చాలనుకున్నవారికి మన దేశంలో ఎక్కువగా చేసేది ఇదే. అయితే తొలగించాక యోని పైభాగాన్ని బంధనాలకు బిగించి కుట్టాలి. అలా చేయకపోతే తరువాత ఆ భాగమే జారవచ్చు.

2. మాంచెస్టర్ పద్ధతి: సాగిన గర్భాశయ ముఖద్వారాన్ని కొంత తీసి, బంధనాలను ముందుకు తెచ్చి కుడతారు. గర్భాశయం అలాగే ఉంటుంది. ముఖద్వారం కురచ అవుతుంది కనుక ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఇది తగినది కాదు.

3. గర్భాశయాన్ని నిలిపి కటి లోపలి సాక్రోస్పైనస్ బంధనానికి కుట్టడం: 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీనిని మాంచెస్టర్ పద్ధతితో పోల్చారు. రెండేళ్ళ తరువాత మాంచెస్టర్ పద్ధతిలో 87 శాతం మందికి, రెండవదానిలో 77 శాతం మందికి మంచి ఫలితం కనిపించింది.

4. స్లింగ్ పద్ధతులు: పట్టీతో గర్భాశయాన్ని పైకి కట్టడం. ఇంకా పిల్లలు కావలసిన యువతుల కోసం శిరోద్కర్, పురందరే, ఖన్నా వంటి భారతీయ వైద్యులు రూపొందించినవి ఇవి.

5. సాక్రోకాల్పోపెక్సీ: పొట్ట మార్గంలో, లేదా లాపరోస్కోప్‌తో, యోని పైభాగాన్ని మెష్ అనే వలతో త్రికాస్థికి కడతారు. మళ్ళీ జారే అవకాశం యోని మార్గపు పద్ధతులకంటే తక్కువ. కానీ ఆపరేషన్ పెద్దది, నైపుణ్యం కావాలి.

6. లె ఫోర్ పద్ధతి: 1877 నుంచి ఉన్నది. యోనిని చాలావరకు మూసివేస్తారు. ఇక దాంపత్య సంబంధం వద్దనుకున్న, పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేని వృద్ధులకు మాత్రమే.

యోని మార్గంలో వల అమర్చే పద్ధతి ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. నొప్పి, వల బయటికి పొడుచుకు రావడం వంటి చిక్కుల వల్ల, జారుడు చికిత్సకు వాటి అమ్మకాన్ని 2019లో అమెరికా నిలిపివేసింది.

ఆలోచించవలసిన విషయం

2012లో ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్య బీమా సొమ్ము కోసం అవసరం లేకున్నా స్త్రీల గర్భాశయాలు తొలగించాయన్న ఆరోపణలు వెలుగులోకి వచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌తోపాటు బీహార్, రాజస్థాన్‌లకు చెందిన ఇలాంటి ఫిర్యాదులపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

మన తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ జారుడు వల్ల చేసినవి కావు. అయినా "తీసేస్తే పీడా పోతుంది" అన్న మాట మన ఇళ్ళలో ఎంత పాతుకుపోయిందో ఈ అంకెలు చెబుతాయి.

కనుక మీ అమ్మకో, అమ్మమ్మకో ఆపరేషన్ చెప్పినప్పుడు వైద్యులను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: జారినది ఏ భాగం? పెసరీ సరిపోదా? గర్భాశయాన్ని ఉంచి సరిచేయలేరా? తీయవలసి వస్తే, పైభాగానికి ఆధారం ఎలా కల్పిస్తారు? అవసరమైతే రెండవ వైద్యుని సలహా తీసుకోండి. క్యాన్సర్ వంటి కారణం ఉంటే గర్భాశయం తీయక తప్పదు. కానీ జారినంత మాత్రాన తీయాలన్న నియమం లేదు.

అభ్యాసం

1. గర్భాశయం తొలగించినా జారుడు మళ్ళీ ఎందుకు రావచ్చు?
2. సంతానం కోరే 28 ఏళ్ళ స్త్రీకి, 75 ఏళ్ళ వృద్ధురాలికి ఒకే శస్త్రచికిత్స ఎందుకు తగదు? వివరించండి.