బావిగోడ మీది తోట

బాసరలో ఫెర్ను మొక్కలా! అని మీరు నవ్వితే నేనేమీ అనుకోను. అందరికంటే ముందు నవ్వినది మా అత్తమ్మే. మే నెల వచ్చిందంటే ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలకు ఎక్కుతుంది. గోదావరి ఒడ్డున ఉన్నామన్న మాటే గాని, మిట్టమధ్యాహ్నం రేవు మెట్ల మీద కాలు మోపితే అరికాలు చుర్రుమంటుంది. అటువంటి ఊళ్లో, చల్లని కొండలలోనూ జడివానల అడవులలోనూ పెరిగే మొక్కను తెచ్చి సాకుతాననడం సాహసమే. నేను పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. వృక్షశాస్త్రం చదివినదాన్ని కాను. ఆ సాహసం తెలియనితనం నుంచి పుట్టినదే.

ఆరేళ్ల కిందట కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఒక కొండ ఊరికి విహారయాత్ర వెళ్లాను. అక్కడ మొక్కలమ్మే ఆయన మూడు కుండీలు నా చేతిలో పెట్టి, “ఎక్కడైనా పెరుగుతాయమ్మా, ఎండ తగలకుంటే చాలు” అన్నాడు. వాటిని రైలులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మా ఇంటికి ఉత్తరాన ఒక వసారా ఉంది. ఉత్తరపు వైపు ఎండ రాదని చిన్నప్పటినుంచీ వింటున్న మాట కదా! నిశ్చింతగా వాటిని అక్కడ వరుసగా పెట్టాను. చలికాలమంతా అవి కళకళలాడాయి. వచ్చినవారందరికీ చూపించి మురిసిపోయాను. మే నెలాఖరుకు మూడూ చీపురుకట్టలైనాయి.

ఎందుకైనాయో తెలుసుకోవడానికి నాకు ఇంకొక వేసవి పట్టింది. బాసర భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 19 డిగ్రీల దూరాన ఉన్నది. మే నెల మధ్యలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ తరువాత జూలై నెలాఖరు వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఏడాది పొడుగునా నీడగా ఉండే ఉత్తరపు వసారా మీద, సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే పొద్దున, సాయంత్రం ఏటవాలుగా ఎండ పడుతుంది. చలికాలంలో ఎండ లేదని చూసి కుండీ పెట్టినవారికి ఈ సంగతి తెలియదు. నాకూ తెలియలేదు.

ఎండిన కుండీలను నేను పారబోస్తూ ఉంటే అత్తమ్మ దగ్గరికి వచ్చి, “సదువుకున్నదానివి, నీకు జెప్పేటంతదాన్ని గాను బిడ్డా! గా బాయిల తొంగి సూడు. దానికెవ్వలు నీళ్లు పోసిన్రు?” అన్నది.

మా పెరట్లో చేదబావి ఒకటున్నది. మామగారి తండ్రి తవ్వించినది. రాతికట్టు, రాళ్ల నడుమ సున్నం. ఇంట్లో కుళాయి వచ్చి, బోరు పడిన తరువాత ఆ బావి మొహం చూసినవారు లేరు. గిలక తుప్పు పట్టింది. నేను గట్టు పట్టుకుని తొంగి చూశాను గదా, లోపల తోట! నిలువెత్తు లోతునుంచి నీళ్ల దాకా రాళ్ల సందుసందునా పచ్చని ఆకులు వేలాడుతున్నాయి. నేను వందల మైళ్ల దూరంనుంచి డబ్బులిచ్చి మోసుకొచ్చిన మొక్కల జాతే, నా ఇంటి పెరట్లో, నేను కాపురానికి రాకముందునుంచీ కాపురముంటున్నది.

వృక్షశాస్త్రం చెప్పే మా సహోద్యోగిని తీసుకొచ్చి చూపించాను. అందులో రెండు రకాలున్నాయని ఆమె తేల్చింది. ఒకటి అడియాంటం. నల్లని, వెంట్రుకవంటి సన్నని కాడ. దాని మీద చిన్న చిన్న విసనకర్రల వంటి ఆకులు. గ్రీకు భాషలో ఆ పేరుకు ‘తడవనిది’ అని అర్థమట. నీళ్లు చల్లితే ఆకు మీద నిలవవు, జారిపోతాయి. తామరాకు మీద నీటిబొట్టు అని మనమంటామే, అచ్చంగా అదే. రెండవది టెరిస్ విట్టాటా. పొడుగాటి ఈనెకు రెండు వైపులా దువ్వెన పళ్లలాగా ఆకులుంటాయి. ఈ రెండింటికీ సున్నమంటే ప్రాణం. అందుకే పాత బావులలో, పాత గోడలలో, వంతెనల కింద సున్నం కారే చోట్ల ఇవి చేరుతాయి. సిమెంటు పూసిన కొత్త బావిలో ఇవి ఇంత తేలికగా కుదురుకోవు.

ఈ రెండవదానికి ఒక విచిత్రమైన గుణమున్నది. నేలలో పాషాణముంటే, అదే ఆర్సెనిక్కు, దానిని వేళ్లతో పీల్చి ఆకుల్లో కూడబెట్టుకుంటుంది. తాను చావదు! అమెరికాలోని ఫ్లోరిడాలో, కలపకు మందు పట్టించి నేలను పాడుచేసిన ఒక చోట శాస్త్రజ్ఞులు ఈ సంగతి గమనించి 2001లో లోకానికి వెల్లడించారు. శివుడికి గరళకంఠుడని పేరు పెట్టిన జాతి మనది. ఈ మొక్కకు తెలుగులో ఒక పేరు కూడా నాకు వినిపించలేదు.

అసలు ఫెర్నుకే మన భాషలో అందరి నోటా ఉన్న మాట లేదు. కవులు పువ్వుల వెంట పడ్డారు గాని, పువ్వు పూయనిదానిని ఎవరు పట్టించుకుంటారు? వైద్యులు మాత్రం పట్టించుకున్నారు. ఆయుర్వేదంలో హంసపది అనేది అడియాంటంలోనే ఒక రకమని పలువురి అభిప్రాయం. అర్ధచంద్రుని వంటి ఆకులు దానివి. దాని ఈనె కొన నేలను తాకిన చోటల్లా వేరు వేసి కొత్త మొక్క అవుతుంది. అలా అడుగడుగుగా నడిచిపోతుంది. హంస పాదమని పేరు పెట్టినవాడు ఆకును చూసి పెట్టాడో, నడకను చూసి పెట్టాడో గాని, బాసరలో ఉండి ఆ మాట పలుకుతుంటే నాకు ముచ్చటగా ఉంటుంది. సరస్వతి ఊళ్లో హంస అడుగులు! మయూరశిఖ అని మరొకటున్నది. బండరాళ్ల పగుళ్లలో పుట్టే చిన్న ఫెర్ను, విచ్చిన నెమలి పురి వంటిది. ఎండాకాలంలో ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే మళ్లీ విచ్చుకుంటుంది. దానిని ప్రేమగా కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోసి నేను చంపుకున్నాను. ఎండకు ఓర్చే మొక్క నా ప్రేమకు ఓర్చలేకపోయింది.

ఇంకొక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. బావిలోంచి తీసి పెంచిన మొక్క ఆకు అడుగున ఒకనాడు గోధుమరంగు గీతలు కనిపించాయి. పురుగు పట్టిందనుకుని గుడ్డ తడిపి ఒక్కొక్క ఆకే తుడిచాను. వేపనూనె కూడా చల్లాను. మా సహోద్యోగి చూసి తల పట్టుకున్నది. అది పురుగు కాదు, దాని సంతానం! ఫెర్నుకు పువ్వు లేదు, గింజ లేదు. ఆకు అడుగున ఉండే ఆ ధూళే దాని బీజం. అది తడి నేల మీద పడితే వెంటనే ఫెర్ను మొలవదు. చిటికెన వేలి గోరు కంటే చిన్నదైన, హృదయాకారంలో ఉండే ఒక పచ్చని రేకు పుడుతుంది. ఆ రేకు మీద నీటిపొర ఉంటేనే పురుషకణం ఈదుకుంటూ స్త్రీకణాన్ని చేరగలుగుతుంది. ఆ కలయికనుంచి మనం చూసే ఫెర్ను లేస్తుంది. ఈ రెండు జన్మల కథను జర్మనీకి చెందిన హాఫ్‌మైస్టర్ 1851లో విప్పి చెప్పాడు. అంతకుముందు యూరపులో జనం ఫెర్నుకు కంటికి కనపడని విత్తనముంటుందనీ, అది దొరికినవాడు తానూ మాయమైపోగలడనీ నమ్మేవారు. మన అంజనం కథల వంటివే.

ఇది తెలిసిన తరువాత బావిగోడ నాకు మరింత ఆశ్చర్యంగా కనిపించింది. తడి, నీడ, గాలి విసురు లేకపోవడం, సున్నం: నాలుగూ ఒక్క చోట అమరాయి. శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. ఆ జలాశయం నిండిన ఏడు వెనుకటి నీరు మా ఊరి దాకా తాకుతుంది. బావిలో నీళ్లు కూడా పైకొస్తాయి. వేసవిలో దిగిపోతాయి గాని గోడ చెమ్మ ఆరదు. నేను చేయవలసినదల్లా బావిలోని వాతావరణాన్ని వసారాలోకి తేవడమే.

ఎలా తెచ్చానో చెబుతాను. మొదట నీడ. చీకటి నీడ కాదు, దీపం వేయకుండా పుస్తకం చదువుకోగలిగినంత నీడ కావాలి. నడిమధ్యాహ్నం చెయ్యి చాపితే కింద పడే నీడ అంచు స్పష్టంగా కనిపించిందా, అక్కడ ఫెర్ను మాడుతుంది. మసకగా పడితే మంచిది. చెట్టు నీడయితే మామిడి కింద పెట్టండి. వేప కింద వద్దు. ఎండ ముదిరే మాఘ ఫాల్గుణాల్లోనే వేప ఆకు రాలుస్తుంది. నిరుడు నేను వసారా ఉత్తరపు అంచుకు మే నెల మొదటినుంచి జూలై దాకా తడికె కట్టాను. పడమటి వైపు గోనెపట్టాలు వేలాడదీసి రోజుకు మూడుసార్లు తడిపాను. ఎండ కంటే వడగాలి పెద్ద శత్రువు. ఆకు కొనలు మాడడం మొదలుపెడితే కుండీలో ఇంకా నీళ్లు పోయకండి, చుట్టూ ఉన్న గాలిని తడపండి.

మన రేగడి మట్టి పత్తికి మంచిదే గాని దీనికి పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే బీట. బాగా మురిగిన ఆకుల ఎరువు రెండు పాళ్లు, గోదావరి ఇసుక ఒక పాలు, ఇటుక ముక్కలూ బొగ్గూ కలిపి ఒక పాలు వేశాను. వ్యాసుడు గుప్పెడు ఇసుకతో సరస్వతిని ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఊరు మాది. ఇసుకను తక్కువగా చూడను. అడియాంటానికి మాత్రం పాత సున్నపు పెళ్లలు చిటికెడు నూరి కలుపుతాను. కుండీని ఇంకొక పెద్ద కుండీలో పెట్టి నడుమ ఇసుక పోసి తడిపితే వేళ్లు చల్లగా ఉంటాయి. రసాయనపు ఎరువులు ఎక్కువ వేస్తే ఆకు కాలిపోతుంది. మొక్కను విడదీసి నాటడానికి తొలకరి తరువాతి రోజులే మంచివి.

మరీ సుకుమారమైనదానిని గాజుసీసాలో పెట్టి మూత వేస్తాను. ఇది లండనులో వార్డు అనే వైద్యుడు 1829లో అనుకోకుండా కనిపెట్టిన ఉపాయం. పురుగు గూడు విచ్చుకోవడం చూద్దామని తడిమట్టితో సీసాలో పెడితే, ఆ మట్టిలో ఫెర్ను మొలిచింది. బొగ్గుపొగలో బతకని మొక్క సీసాలో బతికింది. ఆ తరువాత అటువంటి గాజుపెట్టెలలోనే చైనా తేయాకు మొక్కలు సముద్రాలు దాటి మన దేశానికి వచ్చాయి. సీసాను మాత్రం ఎండలో పెట్టకండి, మొక్క ఉడికిపోతుంది.

ఫెర్నులొక్కటే ఉంటే నాకు తోట బోసిగా తోచింది. ఆ నీడలోనే తమలపాకు తీగ, చేమ, రంగురంగుల కలేడియం, ఒక మూలన పసుపు పెట్టాను. నిజామాబాదు పక్కనే ఉండి పసుపు పెట్టకపోతే ఎలా? చలికాలం రాగానే పసుపు, కలేడియం ఆకు రాల్చి దుంపలోకి వెళ్లిపోతాయి. చచ్చిపోయాయని తవ్వి పారేయకండి. బజారులో ఆస్పరాగస్ ఫెర్న్ అని అమ్మేది ఫెర్ను కానే కాదు; మన అడవులలోని పిల్లితేగలకు దాయాది. అది ఎండకు కొంత ఓర్చుకుంటుంది, కొత్తవారు దానితో మొదలుపెట్టవచ్చు. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కుంటాల వంటి చోట్లకు వానాకాలంలో వెళ్తే తడిరాళ్ల మీది పచ్చదనం చూసి చెయ్యి ఊరుకోదు. అక్కడివి పీకకండి. ఇంటికి వచ్చేసరికి సగం, వేసవికి మిగతా సగం పోతాయి.

ఇక బావి సంగతి. కిందటేడు మావారు దానిని పూడ్చాలని నిశ్చయించారు. కారుకు షెడ్డు కావాలి. పిల్లలు పడతారు, దోమలు పెరుగుతాయి, వాడని బావి ఇంట్లో దేనికి అన్నారు. ఒక్కటీ తప్పు మాట కాదు. నేను ఫెర్నుల పేరెత్తితే కుండీల్లో పెట్టుకొమ్మన్నారు. బావిలో పుట్టిందాన్ని కుండీలో పెట్టవచ్చు గాని, బావిని కుండీలో పెట్టలేము కదా! మేస్త్రీ వచ్చి కొలిచాడు. ఒక సోమవారం ఉదయం ట్రాక్టరు మొరం తెచ్చి పెరటి గేటు ముందు నిలిపాడు.

అత్తమ్మ ఏమీ వాదించలేదు. చేతిలో తమలపాకుల పళ్లెంతో వచ్చి బావిగట్టు మీద కూర్చున్నది. “ఈ బాయి నీళ్లతోనే మీ అయ్యకు అన్నం వండిపెట్టిన” అని కొడుకుతో అన్నది. తరువాత ఆకుకు సున్నం రాసుకుంటూ కూర్చున్నది. ట్రాక్టరువాడు అరగంట చూసి, “ఎక్కడ పోయమంటరు సార్?” అని అడిగాడు. మావారు తల్లినీ, బావినీ, నన్నూ చూసి, వాకిట్లో నీళ్లు నిలిచే పల్లం చూపించారు.

బావి మీద ఇనుపజాలీ వేయించాము. నీళ్లలో దోమపిల్లలను తినే చేపలను వదిలాము. జాలీ సందుల్లోంచి అత్తమ్మ రోజూ పొద్దున తొంగి చూసి కొత్త ఆకు వచ్చిందో లేదో నాకు చెబుతుంది. కారు వీథిలోనే ఉంటున్నది.