వ్యాక్స్ వేసే ముందు చూడాల్సిన మందుల చీటీ

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్ వాడుతున్న అమ్మాయి పై పెదవికి వేడి వ్యాక్స్ పూసి లాగితే, వెంట్రుకలతో పాటు పైతోలు కూడా లేచి రావచ్చు. అక్కడ ఎర్రగా, తడిగా మెరిసే పచ్చి పుండు మిగులుతుంది. చామనఛాయ చర్మం మీద అది మానినా నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. బ్యూటీషియన్ పనితనం ఎంత మంచిదైనా, వ్యాక్స్ ఎంత ఖరీదైనదైనా ఈ ప్రమాదం తప్పదు. తప్పించేది ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే.

ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు. 1982లో అమెరికాలో అనుమతి పొందింది. మొండి మొటిమలకు దీన్ని మించిన మందు ఇప్పటికీ లేదు. ఇది చర్మంలోని నూనె గ్రంథులను కుంచింపజేస్తుంది, పైపొర కణాల మధ్య పట్టును సడలిస్తుంది. పెదవులు పగిలి, ముఖం పొడిబారడం అందుకే. పట్టు సడలిన పొరకు వ్యాక్స్ అంటుకుంటే ఆ పొరే ఊడుతుంది. మందు వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం 6 నెలలు వ్యాక్సింగ్ చేయించుకోవద్దని మందుతో పాటు వచ్చే సూచనల్లోనే ఉంటుంది. లేజర్, పైపైన చేసే పీల్ వంటి వాటికి అన్నాళ్లు ఆగాలనడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికా చర్మవైద్య నిపుణులు తేల్చిన మాట నిజమే. కానీ అవి డాక్టరు చేతి మీదుగా జరిగే పనులు. పార్లర్‌లో కటోరి వ్యాక్స్‌కు ఆ సడలింపును అన్వయించుకోకూడదు. ఆ 6 నెలలు గడిచేవరకు కత్తెరతో కత్తిరించడమో, జాగ్రత్తగా థ్రెడింగ్ చేయడమో మేలు. ఈ మందు వాడేటప్పుడు గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలగవచ్చు కాబట్టి, పెళ్లి కుదిరిన అమ్మాయి ముహూర్తానికి ముందే తన డాక్టరుతో మాట్లాడి తీరాలి.

అదే కుటుంబానికి చెందిన ట్రెటినోయిన్, అడపలీన్ క్రీములు రాత్రిపూట రాసుకునేవాళ్లు చాలామంది. వీటి ప్రభావం రాసిన చోటికే పరిమితం. ఆ చోట వ్యాక్స్, బ్లీచ్, స్క్రబ్ చేయాలంటే డాక్టరు సరేనన్నాక సుమారు వారం ముందు నుంచి క్రీము ఆపి ఉండాలి.

వీటికంటే ఎక్కువగా ఎదురయ్యేదీ, గుర్తించడం కష్టమైనదీ స్టిరాయిడ్ క్రీము. తెల్లబడాలని, మంగు పోవాలని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది, రంగు తేలుతుంది. పక్కింటివాళ్లు కూడా అదే తెచ్చుకుంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, సన్నటి ఎర్రని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, బుగ్గల మీద నూగు వెంట్రుకలు మొలుస్తాయి. క్రీము ఆపితే ముఖమంతా మంట. దేశంలో 12 కేంద్రాల్లో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టిరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదంటూ షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా ట్యూబులు చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇలాంటి క్రీము వాడిన అమ్మాయి బుగ్గల మీద వెంట్రుకలు వచ్చాయని వచ్చేది పార్లర్‌కే. వ్యాక్స్ వేస్తే పలచబడిన తోలు లేస్తుంది. ఎర్రదనం తగ్గుతుందని ఫేషియల్ చేస్తే ఆవిరికి, మర్దనకు రక్తనాళాలు ఇంకా ఉబ్బుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా ఉండే బ్లీచ్ నిప్పులా మండుతుంది. ఇలాంటి ముఖానికి పార్లర్‌లో చేయదగిన పని దాదాపుగా ఏదీ లేదు. ఆమెను చర్మవైద్యుల దగ్గరికి పంపడమే నిజమైన సేవ. క్రీమును ఒక్కసారిగా మానాలో, మెల్లగా తగ్గించాలో చెప్పాల్సింది కూడా వాళ్లే.

నెల్లూరు జిల్లా కావలిలో ముహూర్తాల రోజుల్లో ట్రంక్ రోడ్డు పక్క పార్లర్లకు అల్లూరు, జలదంకి, దగదర్తి, బోగోలు వైపుల నుంచి కూడా పెళ్లివారు వస్తారు. ఆ రద్దీలో "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ట్యూబును ఎవరూ మందుగా లెక్కపెట్టరు. "ముఖానికి రాత్రి ఏం రాసుకుంటారు? ఎవరిచ్చారు? మొటిమలకు మాత్రలు మింగారా? బీపీ, షుగర్, గుండెకు ఏమైనా వాడుతున్నారా?" అని విడివిడిగా అడగాలి. పేరు గుర్తులేకపోతే ట్యూబు, మాత్రల అట్ట ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోవచ్చు. ఇదంతా నలుగురి మధ్య అడగకూడదు. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఏ మాత్ర మింగుతోందో బయటికి పొక్కితే సంబంధమే చెడవచ్చు. వివరాలు రాసుకునే పుస్తకం కౌంటర్ మీద కాకుండా బీరువాలో ఉండాలి.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడతారు. కవాటం మార్పించుకున్నవారు అసెనోకౌమరాల్ వంటివి వాడతారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈ మాత్రల వల్ల గట్టిగా మర్దన చేసినా, వ్యాక్స్ లాగినా కమిలి నీలి మచ్చలు పడతాయి. పెడిక్యూర్‌లో గోరు పక్క చర్మం కొంచెం తెగినా రక్తం త్వరగా ఆగదు. ఇక్కడ చేయకూడని పొరపాటు ఒకటుంది. పెళ్లికూతురి తల్లికి "రెండు రోజులు మాత్ర ఆపి రండి" అని సలహా ఇవ్వడం. మాత్ర ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. వాయిదా వేయాల్సింది పార్లర్ పనినే. పెడిక్యూర్ చేసి తీరాలంటే కత్తెర, బ్లేడు లేకుండా గోళ్లు అరగదీసి రంగు వేస్తే చాలు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ చర్మాన్ని నేరుగా దెబ్బతీసేవి కావు. అవి వాడుతున్నారంటే మాత్రం పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చని అర్థం. టబ్బులో నీళ్లు కాలుతున్నా ఆ మనిషికి తెలియదు కాబట్టి వేడిని బ్యూటీషియనే మోచేత్తో చూడాలి. మడమ గీకే బ్లేడు అసలు వాడకూడదు.

డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్, కొన్ని బీపీ మాత్రల్లో ఉండే హైడ్రోక్లోరోథయజైడ్ చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తాయి. బ్లీచ్ చేయించుకుని మిట్టమధ్యాహ్నం కావలి ఎండలో స్కూటీ మీద ఇంటికి వెళ్తే ముఖం కందిపోయే ప్రమాదం ఎక్కువ. అలాంటివారికి బ్లీచ్, పీల్ మానేయడం ఉత్తమం.

కుష్ఠువ్యాధికీ, మందులకు లొంగని క్షయకూ ఇచ్చే క్లోఫజిమిన్ చర్మాన్ని ఎర్రటి గోధుమ రంగుకు, ఆపై నలుపుకు తిప్పి పొడిబారుస్తుంది. మందు ఆపాక ఆ రంగు మెల్లగా తగ్గుతుంది, నెలలు పడుతుంది. బ్లీచ్, డి-టాన్ దాన్ని కదిలించలేవు. కుష్ఠు మచ్చల మీద స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక వేడి వ్యాక్స్ కాల్చినా తెలియకపోవచ్చు. నలుపు మందు వల్లే వచ్చిందనీ, పోతుందనీ నిదానంగా చెప్పి, డబ్బు తీసుకోకుండా పంపడం గౌరవప్రదమైన పని.

హెయిర్ డై వంటి వాటికి చెవి వెనుకో, మోచేతి మడతలోనో కొద్దిగా రాసి 48 గంటలు చూసే అలవాటు మంచిదే. అయితే ప్రెడ్నిసోలోన్ మాత్రలు వాడేవారిలో ఎలర్జీ అణిగి ఉండి పరీక్షలో బయటపడకపోవచ్చు. వాళ్లకు పరీక్ష బాగున్నా అది పూచీ కాదు.

జాగ్రత్త పడ్డా తోలు లేస్తే చల్లని శుభ్రమైన నీటితో తడిపి, రుద్దకుండా అద్ది, పలుచగా పెట్రోలియం జెల్లీ రాయాలి. ఐసుగడ్డ నేరుగా పెట్టకూడదు. పౌడర్, మేకప్ ఆ రోజు వద్దు. ఇంట్లో ఉన్న స్టిరాయిడ్ ట్యూబు అసలు వద్దు. పొక్కులు, చీము, జ్వరం వచ్చినా, కంటి దగ్గర గాయమైనా అదే రోజు కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరులోని చర్మవైద్యుల దగ్గరికో వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడిన వ్యాక్స్ లేదా బ్లీచ్ పేరు, వేసిన సమయం, కస్టమరు వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి వెంట పంపాలి.